తల వెనక్కి చూడ్డం: అఫ్జల్‌గంజ్ నుంచి నాంపల్లి దాకా

మొన్న ఆఫీసు క్యాంటీన్లో మా టీమ్ కుర్రాడొకడు కోరెయెదా తీసిన 'షాప్‌లిఫ్టర్స్' (2018) గురించి ఊగిపోతూ చెప్తున్నాడు. అంతకుముందు వారమే 'పారసైట్' రెండోసారి చూశాట్ట. వాడి ఉత్సాహం చూస్తే ముచ్చటేసింది. అంతా చెప్పి చివర్లో ఓ మాటన్నాడు.

"ఏమన్నా అనన్నా, జపానోళ్ళు, కొరియావోళ్ళు, ఇరానోళ్ళు తీస్తారు ఇలాంటివి. మనోళ్ళకి రాదు. ఒకవేళ తీసినా చూసేటోడు లేడు."

పెరుగన్నం కలుపుకుంటూ తలూపాను గానీ, ఆ మాట సాయంత్రం దాకా గుచ్చుతూనే ఉంది. వాడి మీద కోపం కాదు. ఒకప్పుడు నేనూ అచ్చం ఇదే మాట, ఇంకా ఎక్కువ గీరగా, కనపడ్డవాళ్ళందరితో అనేవాణ్ణి. అది తప్పని నాకు తెలిసొచ్చింది ఏ ఫిల్మ్ ఫెస్టివల్లోనో కాదు. అఫ్జల్‌గంజ్, ఆబిడ్స్, నాంపల్లి... ఈ మూడింటి మధ్య తిరుగుతూ. మొత్తం కలిపితే నాలుగు కిలోమీటర్లుంటుందేమో. ఆ నాలుగు కిలోమీటర్లలో ఉన్న చరిత్ర చాలాకాలంగా రాద్దామనుకుంటున్నా. కుదిరిందివాళ్టికి.

*

ముందు ఆబిడ్స్. ఆదివారం షట్టర్లు దించేసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే సంగతి హైదరాబాద్‌లో చదువుకున్న ఎవరికీ చెప్పక్కర్లేదు. జావా గైడ్ల కోసం, ఎంట్రన్స్ పుస్తకాల కోసం వెళ్ళి, ఇంకేదో చంకనేసుకుని ఇంటికొచ్చిన బాపతు మనందరం. నాకలా దొరికిన పుస్తకం సత్యజిత్ రాయ్ 'అవర్ ఫిల్మ్స్, దెయిర్ ఫిల్మ్స్'. 1976లో ఓరియంట్ లాంగ్‌మన్ వేసింది. బేరమాడితే "రే హై సాబ్, కమ్ నై హోతా" అన్నాడా పెద్దాయన. పుస్తకం విలువ నాకన్నా ఆయనకే ఎక్కువ తెలుసు.

అందులో జపాన్ సినిమా మీద ఓ వ్యాసం ఉంది. కురొసావా 'రషొమాన్' కలకత్తా వచ్చినప్పుడు వరసగా మూడ్రోజులు మూడుసార్లు చూశానని రాస్తాడు రాయ్. శాంతినికేతన్లో తన గురువు నందలాల్ బోస్ ఫ్యూజీ పర్వతాన్ని ఉదాహరణగా చెప్పేవారని, పైకి ప్రశాంతంగా ఉండి లోపల నిప్పు దాచుకోవడమే తూర్పు దేశాల కళాకారుడి లక్షణమని ఆయన ఉద్దేశమనీ అంటాడు. అప్పటికి నేను జపాన్ సినిమా ఒక్కటీ చూళ్ళేదు. మన ఊళ్ళో ఏషియన్ సినిమా అంటే బ్రూస్ లీ, ఆ తర్వాత జాకీ చాన్. అవీ తెలుగు డబ్బింగులో :)

కానీ ఆ వ్యాసం చదివాక ఓ అనుమానం పట్టుకుంది. 'రషొమాన్' కలకత్తాకొచ్చినప్పుడు మనవాళ్ళేం చేస్తున్నారు?

మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం 1952 జనవరిలో బొంబాయిలో మొదలైంది. అక్కణ్ణించి మద్రాసు, ఢిల్లీ, కలకత్తా తిరిగింది. మద్రాసు అంటే అప్పటికి తెలుగు సినిమా రాజధాని. మన స్టూడియోలు, మన నటులు, మన రచయితలు అంతా అక్కడే. అదే ఉత్సవంలో మన 'పాతాళ భైరవి' (1951) కూడా ఉంది. అంటే తోటరాముడూ, కురొసావా సమురాయీ ఒకే పందిట్లో కూర్చున్నారన్నమాట. ఓ ఫిల్మ్ ఫెస్టివల్లో 'రషొమాన్' చూసిన ఎస్.బాలచందర్ అదే పట్టుదలతో మద్రాసులోనే, పాటల్లేకుండా, 'అంద నాళ్' (1954) తీశాడు. అది తమిళం. మనవాళ్ళు పట్టించుకోలేదు. కానీ ఆ గాలి ఆ వీధుల్లో వీచింది.

అటునుంచి ఇటు రావడమే కాదు, ఇటునుంచి అటు కూడా వెళ్ళాం. బి.ఎన్.రెడ్డి 'మల్లీశ్వరి' (1951)ని 1953లో చైనాలో చైనీస్ సబ్‌టైటిళ్ళతో వేశారు. 'నర్తనశాల' (1963) 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవానికి వెళితే, కీచకుడిగా ఎస్వీ రంగారావుకి ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. మొన్నీమధ్య 2022లో 'ఆర్ఆర్ఆర్' జపాన్‌లో నెలల తరబడి ఆడితే మనం మురిసిపోయాం. మురవాల్సిందే. కాకపోతే అది మొదటిసారి కాదు. ఆసియాతో మన సినిమాకి రాకపోకలు తాతల నాటి నుంచీ ఉన్నాయి.

*

ఆబిడ్స్ నుంచి కాస్త ముందుకెళ్తే బషీర్‌బాగ్, నిజాం కాలేజీ. 1950లలో అల్వాల్ వైపు నుంచి ఆ కాలేజీకొచ్చిన ఓ కుర్రాడికి సినిమా పిచ్చి. ఎకనామిక్స్ చదువుతూ స్నేహితులతో కలిసి హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. పేరు శ్యామ్ బెనెగల్. (2024 డిసెంబరు 23న, 90వ పుట్టినరోజైన తొమ్మిది రోజులకి పోయారు. ఆ వారం మన టీవీలన్నీ ఆయన్ని 'బాలీవుడ్ దర్శకుడు' అనే అన్నాయి. హైదరాబాద్ అబ్బాయని ఒకరిద్దరికి గుర్తొచ్చినట్టుంది.)

ఫిల్మ్ సొసైటీ అంటే ఏంటో ఈ తరానికి కొంచెం చెప్పాలి. టొరెంట్లు లేవు, ఓటీటీలు లేవు. థియేటర్లో రాని విదేశీ సినిమా చూడాలంటే ఒకటే దారి. పదిమందీ చందాలేసుకుని సంఘం పెట్టడం, ఎంబసీలకో, తర్వాతర్వాత పూణే ఫిల్మ్ ఆర్కైవ్‌కో ఉత్తరాలు రాయడం, 16 ఎంఎం ప్రింట్లు రేకు డబ్బాల్లో తెప్పించుకోవడం, ఓ హాలు చూసుకుని ప్రొజెక్టర్ అద్దెకి తెచ్చుకోవడం. సభ్యులు మాత్రమే చూడాలి. రీలు అయిపోతే లైట్లేసి కొత్త రీలు ఎక్కించేదాకా కూర్చోవాలి. మధ్యలో తెగితే అతుక్కునేదాకా కూర్చోవాలి. డబ్బా తర్వాతి ఊరికి టైముకి చేరాలి. మన భాషలో చెప్పాలంటే సర్వర్ ఒకటే, క్లయింట్లు దేశమంతా, నెట్‌వర్క్ ఏమో రైలు :)

కలకత్తాలో రాయ్, చిదానంద దాస్‌గుప్తా 1947లో ఇలాంటి సొసైటీ పెట్టారు. 1959లో దేశంలోని సొసైటీలు కలిసి ఫెడరేషన్ అయితే దానికి తొలి అధ్యక్షుడు రాయే. మన ఊళ్ళో 1970లలో మొదలైన హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ ఆ పనిని దశాబ్దాల పాటు నెత్తినేసుకుంది. అమీర్‌పేట సారథీ స్టూడియోస్ ప్రివ్యూ థియేటర్లో సాయంత్రం ఆటలకి వెళ్ళినవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకి నా నమస్కారం.

ఇలా చూసినవాళ్ళు ఊరికే చూసి ఊరుకోలేదు. బెనెగల్ కాలేజీ రోజుల్లో రాసుకున్న ఓ చిన్న కథ ఏళ్ళ తర్వాత 'అంకుర్' (1974) అయింది. భూస్వామి కొడుకు, ఇంట్లో పనిచేసే లక్ష్మి, మాటలు రాని ఆమె మొగుడు. హైదరాబాద్ పరిసర పల్లెల్లో, మన దక్కనీ యాసలో తీశాడు. బెర్లిన్ పోటీకి వెళ్ళింది. చివర్లో ఓ పిల్లాడు దొర కిటికీ మీద రాయి విసురుతాడు. ఆ రాయి శబ్దం భారతీయ సినిమాలో చాలాకాలం వినపడింది.

*

ఇప్పుడు వెనక్కి తిరిగి కోఠీ మీదుగా అఫ్జల్‌గంజ్ వెళ్దాం. మూసీ ఒడ్డున స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. 1891లో ఆసఫియా లైబ్రరీగా ఆబిడ్స్‌లోనే మొదలై, 1936లో ఇప్పుడున్న భవనంలోకి మారింది. బయట బస్సుల హారన్లు, కిరాణా హోల్‌సేల్ బళ్ళు, మిర్చి ఘాటు. లోపలికి అడుగుపెడితే ఎత్తైన కప్పు, చల్లదనం, పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లల నిశ్శబ్దం. నేను అక్కడికి వెళ్ళింది 'మా భూమి' గురించి పాత పత్రికల్లో ఏమన్నా దొరుకుతుందేమోనని. ఉర్దూ విభాగం ముందు కాసేపు ఆగిపోయాను. ఎందుకంటే ఆ సినిమాకి మూలం కిషన్ చందర్ రాసిన ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళున్నా నాకు ఉర్దూలో అక్షరం ముక్క రాదు. సిగ్గేసింది.

ఒక్కసారి ఆలోచించండి. పంజాబీ కుటుంబంలో పుట్టిన రచయిత తెలంగాణ రైతుల పోరాటం మీద ఉర్దూలో నవల రాశాడు. దాన్ని గౌతమ్ ఘోష్ అనే బెంగాలీ కుర్రాడు తన మొదటి కథాచిత్రంగా తెలుగులో తీశాడు. మెదక్ జిల్లా ప్రజ్ఞాపూర్ నుంచొచ్చిన బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మాతలు. సాయిచంద్ హీరో. యాదగిరి పాటని తెర మీద పాడింది గద్దర్. అంతకు రెండు మూడేళ్ళ ముందే మృణాల్ సేన్, తెలుగు రాకుండానే, ప్రేమ్‌చంద్ 'కఫన్' కథని 'ఒక ఊరి కథ' (1977)గా తీసి కార్లోవీ వారీలో జ్యూరీ బహుమతి తెచ్చుకున్నాడు. బెనెగల్ వాణిశ్రీ, రావు గోపాలరావులతో 'అనుగ్రహం' (1978) తీశాడు. నాలుగేళ్ళలో మూడు సినిమాలు, ముగ్గురు దర్శకులు, ముగ్గురివీ వేరే భాషలు. అప్పట్లో మంచి సినిమా తీయాలనుకున్నవాళ్ళకి తెలుగు నేల అలా కనపడింది మరి.

'మా భూమి' 1980 మార్చి 23న విడుదలైంది. జంట నగరాల్లో ఉదయం ఆటలుగా ఏడాది పాటు ఆడింది. మా కుర్రాడన్న "తీసినా చూసేటోడు లేడు" అన్న మాటకి జవాబు ఇక్కడుంది. స్టార్ లేడు, డ్యూయెట్ లేదు, ఫైట్ మాస్టర్ లేడు. పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని టౌన్ హాళ్ళకొచ్చి చూశారని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. వాళ్ళెవరూ ఫిల్మ్ అప్రిసియేషన్ కోర్సు చేసినవాళ్ళు కాదు. తమ కథ తమకి కనపడింది, వెళ్ళారు. అంతే.

అయితే ఓ విషయం ఒప్పుకోవాలి. ఉదయం ఆట అనేదే ఓ రకం బహిష్కారం. మ్యాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో పెద్ద సినిమాలకి. పొద్దున ఖాళీగా ఉండే హాలు తక్కువ అద్దెకి చిన్న సినిమాలకి. కానీ ఆ చిన్న సందులోంచే ఇవన్నీ ఊపిరి పీల్చాయి. ఇప్పటి మల్టీప్లెక్సుల్లో మొదటి వారం పొద్దున తొమ్మిదింటికి ఓ షో ఇచ్చి, జనం రాలేదని శుక్రవారానికి పీకేస్తారు. ఏడాది కాదు, ఏడు రోజుల ఓపిక కూడా లేదు.

*

అఫ్జల్‌గంజ్ నుంచి నాంపల్లి. పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళా తోరణం చూసే ఉంటారు, ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా 1986లో వచ్చింది. అదే ఏడాది జనవరిలో హైదరాబాద్‌లో 'ఫిల్మోత్సవ్' జరిగింది. అప్పట్లో ఓ ఏడాది ఢిల్లీలో పోటీలతో చిత్రోత్సవం, మరో ఏడాది వేరే ఊళ్ళో పోటీల్లేని ఫిల్మోత్సవ్. మద్రాసు (1978), బెంగళూరు (1980), కలకత్తా (1982), బొంబాయి (1984) అయ్యాక మన వంతు వచ్చింది. పౌరాణికాల దేవుడు ముఖ్యమంత్రి, ఆబిడ్స్‌లో సొంత థియేటర్ ఉన్న మనిషి, ప్రపంచ సినిమాకి ఆతిథ్యం. మా మేనమామ ఆ రోజుల్లో డిగ్రీ చదువుతూ, పాసులు దొరక్క గేటు దగ్గర నిలబడి, బయటికొచ్చేవాళ్ళని "ఎట్లుంది?" అని అడిగేవాట్ట. చూడని సినిమాల కథలు ఆయన ఇప్పటికీ చెప్తాడు. చూసినవాళ్ళకన్నా బాగా చెప్తాడు.

ఆ దశాబ్దం చివర్లో మనలో చాలామందికి ఈ సినిమాలతో మొదటి పరిచయం దూరదర్శన్‌లో. ఆదివారం మధ్యాహ్నం, బధిరుల వార్తల తర్వాత, ప్రాంతీయ భాషా చిత్రం. పెద్దలకి కునుకు టైము, పిల్లలకి విసుగు టైము. కొబ్బరిచెట్టు, పడవ, అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. "ఇంకా టైటిల్సే నడుస్తున్నాయా?" అని మా నాన్న జోకు. 'ఆర్ట్ సినిమా' అన్న మాట మనింట్లో తిట్టుగా మారింది అక్కడే అనుకుంటా.

తర్వాత 90లు. కేబుల్ టీవీ వచ్చింది. ఉదయం ఆటలు పోయాయి, ఒకటొకటిగా పాత థియేటర్లు పోయాయి. మన చదువులు ఎంసెట్, కంప్యూటర్ కోర్సులు, వీసా. ఫిల్మ్ క్లబ్బులో తలలు నెరిసినవాళ్ళే మిగిలారు. గొలుసు అక్కడ తెగింది. రుచి లేక కాదు, చూపించే చోటు లేక.

*

నాకు మళ్ళీ అతికింది 2000లలో, అదే ఆబిడ్స్‌లో. పుస్తకాల పక్కనే డీవీడీలు. (అవి ఎక్కణ్ణించి వచ్చేవో మీకూ తెలుసు, నాకూ తెలుసు. గర్వంగా చెప్పుకునే సంగతి కాదు.) అలా దొరికింది తైవాన్ దర్శకుడు ఎడ్వర్డ్ యాంగ్ 'యీ యీ' (2000).

ఈయన గురించి మనవాళ్ళకి తప్పక తెలియాలి. ఎలక్ట్రికల్ ఇంజనీరు. తైవాన్‌లో డిగ్రీ, ఫ్లోరిడాలో మాస్టర్స్, సియాటిల్లో దాదాపు ఏడేళ్ళు కంప్యూటర్ల ఉద్యోగం. పోలిక ఎక్కడో తగుల్తోంది కదూ? ఓ రోజు అక్కడ ఓ హాల్లో హెర్జోగ్ 'అగీరె' చూసి, ఉద్యోగం వదిలి, ఇంటికెళ్ళి సినిమాలు తీశాడు. 'యీ యీ'కి కాన్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. 2007లో పోయాడు.

అందులో తండ్రి ఓ కంప్యూటర్ కంపెనీలో భాగస్వామి. ప్రాజెక్టులు, క్లయింట్లు, నమ్మని పనిని నమ్మినట్టు చెయ్యడం. అమ్మమ్మ కోమాలో ఉంటే, రోజూ ఎవరో ఒకరు పక్కన కూర్చుని కబుర్లు చెప్పమంటాడు డాక్టరు. పిల్లల తల్లి నాలుగు రోజులు చెప్పి భోరుమంటుంది. రోజూ చెప్పేది ఒకటేనట, నిమిషంలో అయిపోతోందట. ఇంతేనా నా జీవితం అని. స్టేటస్ కాల్‌లో రోజూ నిన్నటి మాటే చెప్పే నాకు ఆ సీన్ దగ్గర గొంతు పట్టేసింది.

అందులోనే ఎనిమిదేళ్ళ పిల్లాడొకడు కెమెరా పట్టుకుని అందరి తలల వెనక భాగాలు ఫొటోలు తీస్తాడు. ఎందుకురా అంటే, మీరు చూసుకోలేరు కదా, అందుకే చూపిస్తున్నా అంటాడు. సినిమా అంటే ఏంటని నన్నెవరైనా అడిగితే ఈ పిల్లాణ్ణే చూపిస్తాను.

ఆ తర్వాత ఓజు 'టోక్యో స్టోరీ' (1953). ఊరి నుంచి ముసలి అమ్మానాన్న టోక్యోలో పిల్లల్ని చూడ్డానికొస్తారు. పిల్లలు చెడ్డవాళ్ళు కాదు. పనులున్నాయి. తీరిక లేక, తలా కొంత డబ్బేసి, వేడినీళ్ళ బుగ్గల ఊరికి పంపించేస్తారు. అక్కడ కుర్రకారు గోలకి ఆ ముసలాళ్ళకి నిద్ర పట్టదు. ఫిర్యాదు మాత్రం చెయ్యరు. ఇంటికెళ్ళాక తల్లి పోతుంది. కథ అంతే. కెమెరా నేల మీద కూర్చున్న మనిషి ఎత్తులో కదలకుండా ఉంటుంది, మనింట్లో చాప మీద కూర్చున్న పెద్దమనిషిలా.

నేను అది చూసింది మా అమ్మానాన్న అమెరికా వచ్చి వెళ్ళిన మరుసటి ఏడాది. రిలీజ్ ఉందని నేను వాళ్ళని ఓ టూర్ బస్సెక్కించి నయాగరా పంపాను. టికెట్లు, హోటలు, వెజిటేరియన్ భోజనం అన్నీ పక్కాగా బుక్ చేశా. సినిమా అయ్యాక రాత్రి ఇంటికి ఫోన్ చేసి "నాన్నా, అప్పుడు మీకు కష్టమైందా?" అనడిగాను. "అబ్బే, మాకేం కష్టంరా. నీ పనులు నీకుంటాయి కదా" అన్నాడు. 1953లో జపాన్‌లో రాసిన డైలాగు మా నాన్న నోట్లోంచి వచ్చింది. ఈ సినిమాలు నెమ్మదిగా ఎందుకుంటాయని అడుగుతారు. ఆ ఫోన్ కాల్‌లో నాన్న "అబ్బే" అనడానికి ముందు ఓ రెండు సెకన్లు ఆగాడు. ఆ రెండు సెకన్లు పట్టుకోవడానికే అంత నెమ్మది.

*

సరే, ఇక అసలు విషయం. ఓజు, యాంగ్, కియరోస్తమీ అని తిరిగి తిరిగి, ఓ రోజు ఓ స్నేహితుడు పోరితే 'దాసి' (1988) చూశాను. నర్సింగరావే దర్శకుడు. 1920ల నాటి తెలంగాణ గడీ. కమలాక్షి (అర్చన) ఆ ఇంటి దాసి. దొరసానితో పాటు వచ్చింది, వస్తువుల్లో ఓ వస్తువుగా. దొర వల్ల గర్భం వస్తుంది. ఆ బిడ్డని ఉంచుకునే హక్కు ఆమెకి లేదు. దాదాపు మాటలుండవు. గోడలు, వాకిళ్ళు, నీళ్ళ బిందెలు, ఎవరో పిలిస్తే పరిగెత్తే పాదాలు. అంత హింసలో ఎవరూ గొంతు పెంచరు. రాయ్ చెప్పిన ఫ్యూజీ పర్వతం గుర్తొచ్చింది. అది జపాన్ దాకా వెళ్ళి వెతకాల్సిన పని లేదు, మెదక్‌లో ఉంది.

ఆ ఏడాది 'దాసి'కి అయిదు జాతీయ అవార్డులొచ్చాయి: ఉత్తమ తెలుగు చిత్రం, నటి అర్చన, ఛాయాగ్రాహకుడు ఏ.కె.బీర్, కళా దర్శకుడు తోట వైకుంఠం, దుస్తులకి సుదర్శన్. మనం డ్రాయింగ్ రూముల్లో వేలు పోసి పెట్టుకునే ఆ బొట్టు ఆడవాళ్ళ బొమ్మల వైకుంఠమే. బొమ్మ మన గోడ మీద ఉంది, సినిమా మన బుర్రలో లేదు.

నాకు నిజంగా తగిలిన దెబ్బ అవార్డుల సంగతి కాదు. తైపే పిల్లాడు తీసిన ఫొటో చూసి మురిసిపోయిన నాకు, నా సొంత తల వెనక ఏముందో అప్పటిదాకా తెలీదు. గడీలు, ఆడబాపలు, వెట్టి... మా ఊళ్ళో మూడు తరాల కింద జరిగినవే. మా నానమ్మ వాటి గురించి ఏదో మొదలుపెట్టి మధ్యలో ఆపేసేది. మేమూ అడిగేవాళ్ళం కాదు. ఆమె ఎక్కడ ఆపిందో 'దాసి' అక్కణ్ణించి చెప్పింది.

అలాగని దూరపు సినిమాలు మానేసి మనవే చూడమని కాదు నా గోల. ఓజుని చూడకపోతే 'దాసి'లో నిశ్శబ్దం నాకు బోరు కొట్టేది. చిన్నప్పుడు దూరదర్శన్‌లో కొట్టినట్టే. అక్కడ కళ్ళు నేర్చుకుని ఇక్కడికొచ్చాను. బెనెగల్ తరం కూడా అదే చేసింది. ఫిల్మ్ సొసైటీ డబ్బాల్లోంచి ప్రపంచాన్ని చూసి, తిరిగొచ్చి తమ పక్క ఊరిని చూశారు. మనం సగం దారిలో ఆగిపోయాం. అక్కడే ఉండిపోయి "మనోళ్ళకి రాదు" అంటున్నాం.

రాదా? రజనీష్ దోమల్‌పల్లి అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి, కొలంబియాలో సినిమా చదివి, ఆ చదువులో భాగంగా 'వనజ' (2006) తీశారు. జమీందారిణి ఇంట్లో పనికి చేరి కూచిపూడి నేర్చుకోవాలనుకునే పేదపిల్ల కథ. 2007లో బెర్లిన్‌లో ఉత్తమ తొలి చిత్రం. మన వృత్తివాడే, మన భాషే. మనలో ఎంతమంది చూశాం? చలం కథతో మోహనకృష్ణ ఇంద్రగంటి తీసిన 'గ్రహణం' (2004), వైజాగ్ మనుషులతోనే తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' (2018) సరే. 2023లో 'బలగం' వచ్చినప్పుడు తెలంగాణ ఊళ్ళల్లో చావడి ముందు తెరలు కట్టి, ఊరంతా కూర్చుని చూశారు. ఓ ముసలాయన చావు, పిండం ముట్టని కాకి, మాటలు లేని అన్నాచెల్లెళ్ళు. చూసి ఏడ్చి, విడిపోయిన తోబుట్టువులు కలిశారని పేపర్లో వార్తలొచ్చాయి. 'మా భూమి'కి బళ్ళు కట్టుకొచ్చిన జనం ఎక్కడికీ పోలేదన్నమాట.

*

ఇక పోయేవి ఏంటంటే, ప్రింట్లు. మన మొదటి పూర్తి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ఒక్క ప్రింటు కూడా మిగల్లేదు. బెనెగల్ 'మంథన్' (1976)ని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ బాగు చేయిస్తే 2024లో కాన్‌లో వేశారు. యాంగ్ 'ఎ బ్రైటర్ సమ్మర్ డే' (1991)ని స్కొర్సీసీ సంస్థ 2009లో బాగు చేయించింది. ఎవరో అడిగారు, ఎవరో డబ్బు పెట్టారు, అందుకే అవి బతికాయి. నేను చూసిన 'దాసి' కాపీలో దీపం వెలుగేదో, మొహమేదో పోల్చుకోవడం కష్టమైంది. అర్చన కళ్ళు కనపడాల్సిన చోట ఓ మసక. వైకుంఠం ఏ రంగు పెట్టాడో ఊహించుకోవాల్సిందే. సాఫ్ట్‌వేర్‌లో మనకి బాగా తెలిసిన సూత్రమే ఇది: ఎవరూ వాడని ఫైలుకి ఎవరూ బ్యాకప్ తీయరు. చూసేవాళ్ళుంటేనే కాపాడేవాళ్ళుంటారు.

అందుకే మా కుర్రాడితో వాదన పెట్టుకోలేదు. వచ్చే శనివారం మా ఇంటికి రమ్మన్నాను, టీమ్‌లో ఇంకో నలుగురితో. ముందు 'టోక్యో స్టోరీ', మధ్యలో ఉప్మా, తర్వాత 'దాసి'. రీలు మార్చే పని లేదు గానీ, మధ్యలో లైట్లేసి మాట్లాడుకుందాం అన్నాను. వాడు "ఆర్ట్ సినిమానా అన్నా?" అని నవ్వాడు. తర్వాత కాసేపాగి, "మా అమ్మానాన్న ఆ వారం ఊర్నుంచొస్తున్నారు, వాళ్ళనీ తీసుకురావచ్చా?" అనడిగాడు.

తప్పకుండా తీసుకురా అన్నాను. ఉప్మా కాస్త ఎక్కువ చెయ్యాలి.